నడవాలో సైకిలు

ప్రొఫెసర్ ఫోకో వీర్సెమా గారికి పొగ అలవాటు లేదు, మందు అలవాటు లేదు, పేకముక్క పట్టుకోవడం కూడా రాదు. ఉన్నదల్లా ఒకే ఒక్క అలవాటు. ఎదుటి మనిషి ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఎంతసేపు తాత్సారం చేశాడో స్టాప్‌వాచీతో కొలిచి, ఆ అంకెను వాడి మొహానే చెప్పేయడం. ఆ పని ఎంతసేపు చేశాడో ఆయనకు అక్కర్లేదు. బాగా చేశాడా, తగలేశాడా అన్నదీ అక్కర్లేదు. "చేస్తాను" అన్న మాటకీ, చెయ్యి కదలడానికీ మధ్య ఉన్న కాస్త ఖాళీ ఉందే, అది మటుకే కావాలి. గ్రోనింగెన్‌లో కాలువ గట్టు మీదున్న మెదడు పరిశోధనశాలలో ఆయన ముప్ఫై ఏళ్లకు పైగా ఆ ఖాళీనే తవ్విపోశారు.

ఆయన దగ్గర సెక్రటరీగా చేరిన హిల్యాకు ఈ సంగతి ఇంటర్వ్యూలోనే తెలిసింది. ఆమె లోపలికి రాగానే ఆయన కుర్చీ చూపించి, "కూర్చో అమ్మాయ్," అన్నారు. బల్ల కింద ఏదో టిక్కుమంది. ఆమె కూర్చుంది. మళ్లీ టిక్కుమంది.

"పాయింట్ తొమ్మిది," అన్నారాయన సంతోషంగా. "సోమవారం నుంచి వచ్చెయ్."

"నా సర్టిఫికెట్లు చూడలేదు కదండీ."

"చూస్తే ఏముంటుంది? నీకన్నా ముందొచ్చినాయన ఇంత కట్ట తెచ్చాడు. కుర్చీ చూపిస్తే నాలుగు సెకన్లు దాని చుట్టూ తిరిగాడు, పాత సైకిలు బేరమాడేవాడిలాగ. అలాంటివాడు ఫోను మోగితే ఎప్పుడెత్తుతాడు?"

హిల్యా కాస్త ధైర్యం తెచ్చుకుని, అసలీ కొలతలు దేనికని అడిగింది. ఆయన తన నెత్తి మీద వేలితో పొడుచుకున్నారు.

"ఇక్కడ, బాగా లోతుగా, బేసల్ గాంగ్లియా అని కొన్ని కణాల ముద్దలుంటాయి. వాటిది గుమ్మం దగ్గర కాపలావాడి ఉద్యోగం. లేవాలని, గోక్కోవాలని, ఆవలించాలని, ఎదుటివాణ్ణి తిట్టాలని నూరు పనులు ఒక్కసారే తోసుకొస్తాయి. 'నువ్వు పో, మిగిలిన తొంభై తొమ్మిదిమందీ ఆగండి' అనేవాడు వాడు. కాలు కదపాలన్నా వాడే, ఒక ఆలోచన వదిలి ఇంకోటి పట్టుకోవాలన్నా వాడే. 'అబ్బ, ఇవాళ వద్దులే' అనిపించేదీ వాడే."

"వాడు కునుకు తీస్తేనో?"

"తీశాడంటే నువ్వు డైరెక్టరైపోతావు," అన్నారాయన.

తన మాట గోడ అవతలి గదిలో కూర్చునే డైరెక్టరు తిహెలార్ వింటాడన్న భయం ఆయనకు ఉన్నట్టు లేదు. హిల్యాకు మటుకు ఆ రోజే భయం పట్టుకుంది, పన్నెండేళ్లయినా వదల్లేదు.

ఆ స్టాప్‌వాచీ ఆయనతో పాటు అన్ని చోట్లకూ వెళ్లేది. ఆయన శిష్యుడు యోరిట్ పెళ్లి పురపాలక భవనంలో జరిగింది. అధికారి పెళ్లికూతుర్ని, "ఇతణ్ణి భర్తగా స్వీకరిస్తున్నావా?" అని అడిగాడు. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మూడో వరసలోంచి టిక్కుమని వినబడింది. కాసేపటికి పెళ్లికూతురు అవునంది. మళ్లీ టిక్కు. తర్వాత శుభాకాంక్షలు చెప్పే వరసలో ఆయన వంతు వచ్చింది.

"మూడు పాయింట్ నాలుగు," అన్నారు ఆమె చెయ్యి పట్టుకుని ఊపుతూ.

"ఏమిటది?" అని అడిగింది పక్కనే ఉన్న యోరిట్ తల్లి.

"మీ కోడలు 'అవును' అనడానికి పట్టిన కాలం. మామూలుగా ఒకటిన్నర దాటదు."

యోరిట్ మొహం పాలిపోయింది. వాళ్లమ్మ మొహం ఎర్రబడింది. రెండు కుటుంబాల వాళ్లూ రెండు గుంపులుగా విడిపోయి గుసగుసలు మొదలుపెట్టారు. చివరికి పెళ్లికూతురే, "నా చెప్పులో రాయి పడిందండీ," అని వంగి ఒక చెప్పు విప్పి దులిపింది. నిజంగానే బఠాణీ గింజంత రాయి రాలిపడింది.

ప్రొఫెసరుగారి ఆనందానికి హద్దు లేదు. "చూశారా, పోటీ పడ్డాయి. రాయి తీసుకోవడమా, మొగుణ్ణి తీసుకోవడమా? కాపలావాడు తికమకపడ్డాడు. యోరిట్, దిగులుపడకు, నువ్వే నెగ్గావు. రాయి కంటే నువ్వు నయం."

ఇంటి దగ్గర ఆయన ఆటలు సాగేవి కావు. భార్య బౌక్యా తనకంటూ ఇంకో స్టాప్‌వాచీ కొనుక్కుంది. "గిన్నెలు నేను తోముతాలే," అని ఆయన అన్న క్షణాన ఆమె దాన్ని నొక్కి, చుట్టాల ఎదురుగా బల్ల మీద పెట్టేది. ఒక ఆదివారం అది నలభై ఒక్క నిమిషాలు తిరిగింది.

"పరిశోధకుణ్ణి ప్రయోగంలో కలపకూడదు బౌక్యా."

"సరేనయ్యా. అయితే పరిశోధకుడికి బంగాళాదుంపలు కూడా వడ్డించక్కర్లేదుగా," అంది బౌక్యా గిన్నె మూత పెట్టేస్తూ.

డైరెక్టరు తిహెలార్‌తో ఆయనకు బెడిసింది మాత్రం ఒక ఎలుక వల్ల. దీపం వెలగగానే మీట నొక్కితే తిండి పడే పెట్టెలో ఎలుకలను పెట్టి, ఎంతసేపటికి నొక్కుతాయో చూసేవాళ్లు. అందులో ఒక బొద్దు ఎలుక దీపం వెలిగాక పదకొండు సెకన్లు దానికేసి హుందాగా చూసి, మీసాలు సవరించుకుని, అప్పుడు లేచేది. కుర్రకారు దానికి డైరెక్టరని పేరు పెట్టారు. ఒకరోజు తిహెలార్ బయటి ఊరినుంచి వచ్చిన పెద్దమనుషులను వెంటబెట్టుకుని అటు వస్తుంటే, లోపలినుంచి ఎవరో కేకేశారు: "ప్రొఫెసర్, డైరెక్టరు తినేసి మళ్లీ పెట్టెలోనే పడుకున్నాడు. తోక పట్టుకుని లేపనా?"

పెద్దమనుషులు దగ్గు తెచ్చుకున్నారు. తిహెలార్ రాయిలా నిలబడ్డాడు. సర్దిచెబుదామని ప్రొఫెసరుగారు పరిగెత్తుకొచ్చారు.

"కోపం తెచ్చుకోకండి. నేను మీ ఇద్దర్నీ కొలిచాను. మీది పధ్నాలుగు. పోలిస్తే ఎలకే నయం."

ఆ సాయంత్రమే తిహెలార్ ఒక కొత్త ఫైలు తెరిచి, దాని మీద వీర్సెమా అని రాసుకున్నాడు.

ఈ పరిశోధనశాలలో ఆయన అంకె విని పొంగిపోయే మనిషి ఒక్కతే ఉండేది. కాఫీ బండి తోసే రూలీ. పొద్దున పదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ బండి నడవాలో కదిలేది. మనిషికి ఒక కప్పు, ఒక బిస్కెట్టు. రెండో బిస్కెట్టు మంత్రిగారు వచ్చి అడిగినా దొరకదు. మొగుడు పోయాక ఆమె ఒక్కరోజు సెలవు పెట్టి, రెండో రోజు బండితో వచ్చేసింది. "ఇంట్లో కూర్చుంటే గోడలు నాతో మాట్లాడతాయి. వాటికంటే మీరే కాస్త నయం," అంది.

"రూలీ, పాయింట్ ఆరు," అనేవారు ప్రొఫెసరుగారు రోజూ. "ఈ భవనంలో నీ అంత చురుకైన కాపలావాడు ఇంకెవరికీ లేడు."

"మరి మీకు రెండో బిస్కెట్టివ్వడానికి?"

"అది వేరే లెక్క. అక్కడ నీది గుమ్మం కాదు, గోడ."

అలా నవ్వుకునేవాళ్లు. తర్వాత ఎప్పుడో ఆ అంకె చెప్పడం ఆయన మానేశారు. ఎప్పుడు మానేశారో ఎవరూ గమనించలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయనకు నిజంగా పిచ్చెక్కిందని అందరికీ రూఢి అయిపోయింది.

మొదట పసుపు టేపు వచ్చింది. ఒక సోమవారం పొద్దున వచ్చేసరికి నడవా ఈ చివరినుంచి ఆ చివరిదాకా, ప్రతి గుమ్మం ముందూ, అడుగుకో అడ్డగీత చొప్పున నేల మీద పసుపు చారలు. రాత్రికి రాత్రే నేలకు నిచ్చెన మొలిచినట్టుంది. ప్రొఫెసరుగారు మోకాళ్ల మీద కూర్చుని ఆఖరి చార అతికిస్తున్నారు.

"ఏమిటిది? రోడ్డు దాటే చోటా?" అన్నాడు తిహెలార్.

"ప్రయోగం."

"ఎవరి మీద?"

"నేల మీద," అన్నారాయన లేచి మోకాళ్లు దులుపుకుంటూ.

రెండో వారం నోటితో వాయించే హార్మోనికా వచ్చింది. సరిగ్గా పదింటికి ఆయన గదిలోంచి బయటికొచ్చి, కాఫీ బండికి రెండడుగుల ముందు నిలబడి, సైనికులు కవాతు చేసే పాట ఒకటి వాయించడం మొదలుపెట్టేవారు. ఆయనకు వచ్చింది ఆ ఒక్కటే. అందులోనూ ఏడో స్వరం ప్రతిసారీ జారి కింద పడేది. ఆయన ముందు, ఆయన వెనక బండి, బండి వెనక రూలీ, డబ్ డబ్ డబ్మని నడవా పొడుగునా ఊరేగింపు. తలుపులు ఒక్కొక్కటే టపటపా మూసుకునేవి.

"నా ఖర్మ చూశావా హిల్యా," అనేది రూలీ బండి ఆపి. "ఈ ముసలాయన పిచ్చి ముదిరింది. నేను కాఫీ పొయ్యాలా, యుద్ధానికి పోవాలా?"

మూడో వారం కప్పులు. ఇకనుంచి ఎవరికైనా సగం కప్పే పొయ్యాలని ఆయన ఒక కాగితం అంటించారు. నిండు కప్పు తాగితే మెదడు బద్ధకిస్తుందట. గ్రోనింగెన్ మనిషిని ఏమన్నా అనొచ్చు గానీ, వాడి కాఫీ జోలికి పోకూడదు. ఆ వారం ఫిర్యాదులు పదిహేడు వచ్చాయి. వాటిని అందుకుని వరస నంబర్లు వేసి ఫైల్లో పెట్టింది హిల్యాయే. పద్దెనిమిదోది తనదే రాద్దామని కూడా అనుకుంది.

ఏప్రిల్లో సైకిలొచ్చింది. మామూలు సైకిలు కాదు. ముందు పెద్ద చెక్కపెట్టె ఉండి, పిల్లలనూ కూరగాయలనూ వేసుకుపోయే మూడు చక్రాల సైకిలు. పెట్టెలో ఫ్లాస్కులు, కప్పులు, బిస్కెట్ల డబ్బా. సీటు మీద రూలీ. ట్రింగుట్రింగుమంటూ తొంభై మీటర్ల నడవాను ఆమె గాలిలా దాటేది. డెన్మార్కు నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఒకాయన తన గుమ్మంలోంచి అడుగు బయటపెట్టి, అంతే వేగంతో వెనక్కు దూకి, కాగితాలన్నీ గుండెలకు హత్తుకుని గోడకు బల్లిలా అతుక్కుపోయాడు. రూలీ బ్రేకు వేసి ఆయన చేతికి సగం కప్పు, ఒక బిస్కెట్టు ఇచ్చింది.

"తిట్టదలుచుకుంటే ఆ చివరి గదిలో ఉన్నాయన్ని తిట్టండి. నేను జీతానికి తొక్కుతున్నాను," అని పెడలు మీద కాలేసింది.

తిహెలార్ ఎదురుచూస్తున్నది అదే. గురువారం పదింటికి పై అంతస్తు గదిలో విచారణ అని కాగితం పంపాడు. విశ్వవిద్యాలయం పెద్దాఫీసు నుంచి ఒకావిడ, అగ్నిమాపక తనిఖీ అధికారి ఒకాయన వస్తారు. ప్రయోగమేమిటో, దాని లెక్కలేమిటో ప్రొఫెసరు చూపించాలి. చూపించలేకపోతే ముందస్తుగా ఉద్యోగ విరమణ. కాగితం కింద ఇంకో వాక్యం ఉంది: ఎలాగూ కాఫీ విషయంలో ఇంత గందరగోళం ఉంది కాబట్టి, వచ్చే నెలనుంచి కాఫీ మెషీను పెట్టే ఆలోచన ఉంది.

గురువారం పొద్దున ఏడింటికే తిహెలార్ మనుషులను పెట్టి పసుపు టేపంతా గీకించేశాడు. సైకిలును నేలమాళిగలో గొలుసేసి కట్టించాడు. హార్మోనికాను తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. హిల్యాను పిలిచి, "ఆయన ప్రయోగం నోటుపుస్తకం విచారణకు తీసుకురా," అన్నాడు.

నోటుపుస్తకం ప్రొఫెసరుగారి బల్ల మీదే ఉంది. ఆయనను ఎలాగైనా బయటపడేసే లెక్క ఏదైనా దొరుకుతుందేమోనని హిల్యా దాన్ని తెరిచింది. పేజీల నిండా ఒకే అక్షరం. ర. వంటగది గుమ్మం, ర, ఒకటి పాయింట్ రెండు. తర్వాతి నెల మూడు. ఆ తర్వాత ఏడు. కింద సన్నటి అక్షరాలతో, "చుట్టూ చూసింది. ఎవరూ లేరనుకుంది. బండి చక్రం బాగుచేస్తున్నట్టు వంగింది." ఇంకో పేజీలో, పందొమ్మిది సెకన్లు. "కప్పు వణికింది. నిండా ఉంటే ఒలికేది." ఆ తర్వాత, పసుపు గీతలతో రెండు. పాటతో ఒకటిన్నర. సైకిలు మీద, సున్నా పాయింట్ ఆరు. ఆ అంకె చుట్టూ ఆయన చిన్నపిల్లాడిలా మూడు సున్నాలు చుట్టారు.

హిల్యా పేజీ మీదున్న తన చేతికేసి చూసుకుంది. పదిహేడు ఫిర్యాదులకు నంబర్లు వేసిన చెయ్యి అది.

ప్రొఫెసరుగారు అప్పుడే లోపలికొచ్చారు.

"ఈ 'ర' ఎవరండీ?"

"రేడియో."

"రేడియో గుమ్మం దాటదండీ."

ఆయన పుస్తకం మెల్లగా లాక్కున్నారు. "హిల్యా, నీకు చదవడం రాదనుకో. ఇవాళ ఒక్కరోజుకి."

"ఎప్పటినుంచి?"

"మూడేళ్లవుతుంది. చాటుగా మాత్రలు వేసుకోవడం చూశాను. ఆ మాత్రల బలం పదింటికల్లా తగ్గుతుంది. లోపలి కాపలావాడికి ఓపిక చాలడం లేదు, గుమ్మం దగ్గర కాలిని వదలడు. నేల మీద గీత కనిపిస్తే, చెవిలో పాట తాళం పడితే, కాలు వాణ్ణి అడక్కుండా వేరే దారిన పోతుంది. సైకిలెక్కిందంటే వాడితో పనే లేదు. ఎందుకో నాకింకా పూర్తిగా తెలీదు. అదే చూస్తున్నా."

"మరి ఆ ముక్క డైరెక్టరుగారికి చెప్పొచ్చుగా. మీ ఉద్యోగం పోతుంది."

"రూలీ చెప్పలేదు. ఆమె చెప్పనిదాన్ని నేనెలా చెప్తాను?" ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "చూడమ్మాయ్, నాకు పిచ్చని తెలిస్తే జనం నవ్వుకుని, కాఫీ తాగి వెళ్లిపోతారు. ఆమెకు జబ్బని తెలిస్తే జాలిపడి, చేతిలో ఫ్లాస్కు లాక్కుని కుర్చీ వేస్తారు. ఆ కుర్చీలోంచి మనిషి మళ్లీ లేవదు. అంచేత పిచ్చి నాకే ఉండనీ. నాకు అలవాటే."

పదింటికి పై గదిలో అందరూ కూర్చున్నారు. మాటలు రాసుకోవడానికి హిల్యా ఒక మూల కూర్చుంది. ఆమె కలం ఒక్క గీత కూడా గీయలేదు.

"నోటుపుస్తకం ఎక్కడ?" అన్నాడు తిహెలార్.

"దాని మీద కూర్చున్నాను," అన్నారు ప్రొఫెసరుగారు.

"అయితే లేవండి."

"లేస్తాను."

ఆయన లేవలేదు. తిహెలార్ చేతి గడియారం చూసుకున్నాడు. పెద్దాఫీసు ఆవిడ కిటికీ చూసింది. తనిఖీ అధికారి తన బూట్లు చూసుకున్నాడు.

"రెండు నిమిషాలైంది ప్రొఫెసర్."

"ఇంట్లో నా రికార్డు నలభై ఒకటండీ. మీకు వేరే పనులుంటే చూసుకోండి."

"లెక్కలు చూపించరన్నమాట."

"ఇంకా పండలేదు."

తిహెలార్ విరమణ కాగితం ఆయన ముందుకు తోశాడు. అతని మొహంలో గెలిచిన సంతోషం కూడా లేదు. ఇంత తేలిగ్గా లొంగిపోతాడని అనుకోలేదు మరి. ప్రొఫెసరుగారు కలం అడిగి తీసుకున్నారు. మూత తీశారు. హిల్యా నోరు తెరిచింది. ఆయన ఆమెకేసి ఒక్క చూపు చూశారు. ఆమె నోరు మూసుకుంది. తన జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదని ఆమెకు తర్వాత అనిపించింది.

అంతలో నడవాలో కప్పుల గలగల వినబడింది. పాత బండి. తలుపు తెరుచుకుంది. ముందు చక్రాలు రెండూ గదిలోకొచ్చాయి. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.

రూలీ గుమ్మానికి అవతల నిలబడి ఉంది. చేతులు బండి మీద, ఒళ్లు ముందుకు వంగి, పాదాలు మాత్రం నేలకు మేకులేసి కొట్టినట్టు. మడమలు చిన్నగా అదురుతున్నాయి. ఒక గీత లేదు, ఒక పాట లేదు.

"రండమ్మా, కాఫీ వేళకే వచ్చారు," అన్నాడు తనిఖీ అధికారి.

ఆమె రాలేదు.

ప్రొఫెసరుగారు ఒక్క ఉదుటున లేచారు. జేబులు తడుముకున్నారు. హార్మోనికా లేదు. గబగబా కిటికీ దగ్గరికి వెళ్లి, "అరెరె, కొంగ," అన్నారు. "ఎంత పెద్ద కొంగో చూడండి. అందరూ ఇటు చూడండి."

ముగ్గురూ అలవాటుగా అటు తిరిగారు.

"ఎక్కడ?" అంది పెద్దాఫీసు ఆవిడ.

"ఇప్పుడే ఎగిరిపోయింది. ఆగండి, ఇంకోటొస్తుంది. గురువారాలు రెండొస్తాయి. తిహెలార్ గారూ, మీరు ఇటు, కాస్త ఇటు తిరిగి చూడాలి. వెనక్కి తిరగొద్దు, కొంగకు నచ్చదు."

"ప్రొఫెసరయ్యా," అంది రూలీ గుమ్మంలోంచి. "కొంగా లేదు, గింగా లేదు. కూర్చోండి. మీకు అబద్ధమాడటం రాదు."

ముగ్గురూ గుమ్మం వైపు తిరిగారు.

"నాకు పార్కిన్సన్స్ జబ్బు," అంది రూలీ, మనిషికి ఒకటే బిస్కెట్టని చెప్పే గొంతుతోనే. "మూడేళ్లయింది. గుమ్మం దగ్గర కాళ్లు సమ్మె చేస్తాయి. ఆ గీతలు నాకోసం. ఆ పాట నాకోసం. సగం కప్పులు నా చేతుల వణుకు కనపడకుండా. ఆ మనిషికి పిచ్చేమీ లేదు. అంటే, ఉంది. కానీ మీరనుకునేది కాదు."

ప్రొఫెసరుగారు నోరు వెళ్లబెట్టారు. "నీకు తెలుసా?"

"ముప్ఫై ఒక్క ఏళ్లు మీకు కాఫీ పోశాను. ఈ మధ్య గుమ్మం దగ్గర నా కాళ్లు బిగుసుకున్నప్పుడల్లా మీ తలుపు సందులోంచి టిక్కుమనేది. నాకు రోగం కాళ్లకే గానీ చెవులకు కాదుగా."

"మరి నన్ను ఊరంతా తిట్టావు కదా?"

"తిట్టకపోతే అందరికీ అనుమానం రాదూ? మీరు నా గుట్టు దాస్తుంటే, మీరు దాస్తున్నారన్న గుట్టు నేను దాచాను. అదెంత కష్టమో మీకేం తెలుసు? ఆ ఏడో స్వరం జారినప్పుడల్లా నవ్వాపుకోలేక చచ్చాను." ఆమె తిహెలార్ వైపు తిరిగింది. "మెషీను పెట్టుకోండి సార్. ఆయన చేత మాత్రం ఆ కాగితం మీద సంతకం పెట్టించకండి. ముందు నన్నెవరైనా లోపలికి తెండి. కాఫీ చల్లారిపోతోంది."

తనిఖీ అధికారి ఆమె భుజం పట్టుకుని లాగబోయాడు.

"లాగకండి, పడిపోతుంది," అన్నారు ప్రొఫెసరుగారు. "ఎవరో ఒకరు ఆమె కాలి ముందు అడ్డంగా పాదం పెట్టండి. దాటడానికి ఒకటి కావాలి, అంతే."

తిహెలార్ లేచాడు. బల్ల చుట్టూ వచ్చి, బండిని పక్కకు తిప్పి, మెరిసిపోతున్న కొత్త బూటు ఒకటి గుమ్మంలో అడ్డంగా పెట్టాడు. రూలీ దానికేసి చూసింది. కాలెత్తింది. దాటింది. రెండో కాలు మాత్రం నిండుగా ఆ బూటు మీదే పడింది. తిహెలార్ పళ్లు బిగబట్టాడు గానీ పాదం తీయలేదు.

టిక్కుమంది.

"తిహెలార్ గారూ," అన్నారు ప్రొఫెసరుగారు చేతిలోని వాచీ చూసుకుని. "నేను మాట పూర్తి చెయ్యడానికీ, మీరు కుర్చీలోంచి లేవడానికీ మధ్య, పాయింట్ ఏడు."

తిహెలార్ కుంటుకుంటూ కుర్చీ దగ్గరికెళ్లి, విరమణ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు.

"నిజంగా పాయింట్ ఏడేనా?"

"వాచీ అబద్ధమాడదు."

"మరి ఆ ఎలుక ఇప్పుడెంత?"

"పదకొండే."

తిహెలార్ టై సవరించుకున్నాడు. ఆ రోజంతా అతని మొహంలో ఒక వెలుగు ఉందని కింది అంతస్తువాళ్లు చెప్పుకున్నారు.

అగ్నిమాపక అధికారి అక్కడికక్కడే ఒక అనుమతిపత్రం రాసిచ్చాడు. నడవాలో సైకిలు, ఒకటి, గంట తప్పనిసరి, వేగం మితం. ఆ చివరి మాట చదివి రూలీ మూతి తిప్పింది. మెషీను మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సాయంత్రానికి ఫిర్యాదులు రాసిన పదిహేడుమందీ మోకాళ్ల మీద కూర్చుని పసుపు గీతలు అతికిస్తున్నారు. యోరిట్ అతికించినవి వంకరగా వచ్చాయని మిగిలినవాళ్లు దెబ్బలాడారు. హిల్యా మిగతావాళ్లకంటే నాలుగు ఎక్కువ అతికించింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

అయిదున్నరకు రూలీ, హిల్యా, ప్రొఫెసరుగారు ముగ్గురూ కలిసి ఇళ్లకు బయల్దేరారు. సముద్రం మీదనుంచి ఎదురుగాలి. ఆ ఊళ్లో ఎటు పోయినా ఎదురుగాలే. కాలువ గట్టు మీద రూలీ తన పాత సైకిలెక్కి ముందు పోతోంది. వెనక హిల్యా. ఆ వెనక ఎక్కడో ప్రొఫెసరుగారు, కోటు గాలిపటంలా ఎగురుతుంటే, తొక్కుతున్నారో గాలికి వెనక్కి పోతున్నారో తెలియకుండా వస్తున్నారు.

రూలీ వెనక్కి తిరిగి చూసింది. పెడలు ఆపి, ఆయన దగ్గరికొచ్చేదాకా ఆగింది.

"ప్రొఫెసరయ్యా, అలా పక్కన రాకండి. నా వెనకాలే, చక్రానికి చక్రం ఆనించి రండి. గాలి నేను కోస్తాను."

"నువ్వా? నాకా?"

"మీకు మరీ అరవై మూడేళ్లు కదా," అంది అరవై ఒక్క ఏళ్ల రూలీ. "తల వంచండి. వంతెన దగ్గర ఇంకా గట్టిగా కొడుతుంది."

ఆయన తల వంచి, బుద్ధిగా ఆమె వెనక చేరారు.